కొల్లేరు రాసుకున్న తేదీ

మండవల్లి రైలుగేటు పక్కన సలోమి నెట్ సెంటరు. పొద్దున్నే షట్టరు ఎత్తి, మోనిటరు మీది దుమ్ము చున్నీతో తుడిచి, కరెంటు ఉండేలా ఉందనిపించాక ఆమె ముందు తెరిచేది ఊరి క్యాలెండరే. అది గోడకి తగిలించే రకం కాదు, నెట్లో ఉండేది. చెరువుల వాళ్ళు, వల జట్టు, ఐసు ఫ్యాక్టరీ, లారీల వాళ్ళు అందరికీ అదొక్కటే. రెండువేల ఎనిమిది నాటికి ఆ చుట్టుపక్కల ఏ చేపల చెరువు ఏ రోజు పట్టాలన్నా అందులో చూసుకోవాల్సిందే. కంప్యూటరు రానివాళ్ళు ఫోను చేసి చెబితే సలోమి ఎక్కించేది.

సలోమికి మాత్రం ఎవరు నేర్పారు! ఏలూరులో టైపు నేర్చుకోమని పంపితే, పక్కగదిలో ఖాళీగా ఉన్న కంప్యూటరు ముందు కూర్చుని దొరికిన మీటల్లా నొక్కి చూసి నేర్చేసుకుంది. ఇప్పటికీ ఆ పిల్ల వేళ్ళు ఊరుకోవు. క్యాలెండరు మూలన ఎర్రగా 'కొత్తది' అని కనపడిందంటే టీ చల్లారిపోవాల్సిందే.

మొదట్లో క్యాలెండరు తెరుస్తూ, సభ్యుల పేర్లు చెప్పమని వల జట్టు మేస్త్రీ ముత్యాలరావుని అడిగింది. ఆయన అలవాటు కొద్దీ "ముందు కొల్లేరు, తర్వాత మేం" అన్నాడు. ఏ చెరువులో వల లాగినా, చేపలు పాళ్ళు వేసేటప్పుడు మొదటి పాలు కొల్లేటి పేరున తీసి కాలవలో వదలడం వాళ్ళ జట్టు పద్ధతి. పాళ్ళు వేరు, ఈ పేర్లు వేరు అని ఆయనకి తట్టలేదు, అడగాలని సలోమికీ తోచలేదు. కొల్లేరు పేరున ఒక మెయిలు ఐడీ తెరిచి మొదటి సభ్యురాలిగా చేర్చేసింది.

వారం తిరక్కుండానే కొల్లేరు రాయడం మొదలుపెట్టింది.

అప్పట్లో అందరూ రాసినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. 'రేపు కెరటాలు ఎక్కువ. పడవలు వద్దు.' 'గూడబాతులు దిగాయి. గట్ల మీద డబ్బాలు కొట్టకండి.' జనం చదువుకుని దాని ప్రకారం పనులు సర్దుకునేవారు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెట్టుకునే వీలు వచ్చిన రోజున, సలోమి కూర్చునేలోపే కొల్లేరు నీలం తీసేసుకుంది. జట్టుకి గులాబీ మిగిలింది.

"మగాళ్ళం, మెడలోతు నీళ్ళలో దిగేవాళ్ళం. గులాబీ రంగేంటమ్మా?" అని ముత్యాలరావు మొత్తుకున్నాడు.

"కొల్లేటితో మాట్లాడుకోండి మావయ్యగారూ, నన్నేం చేయమంటారు?" అంది సలోమి.

ఆ తర్వాత ఫోనుకి కబురు వచ్చే ఏర్పాటు వచ్చింది. మరి కొన్నాళ్ళకి పిలుపులు వచ్చాయి. ఫలానా రోజు ఫలానా పని ఉంది, వస్తారా అని పిలవాలనుకున్న వాళ్ళందరికీ ఒకేసారి వెళ్తుంది. వస్తాను, రాను, చూద్దాం అని ఎవరి జవాబు వాళ్ళు పెట్టాలి. ఎవరేం పెట్టారో అందరికీ కనపడుతుంది.

ఆ సంగతి తెలిసి అందరికన్నా ముందు వచ్చింది నాంచారమ్మ.

నాంచారమ్మది చిన్న చెరువు, మత్స్యకారుల సొసైటీ ఏటికేడు కౌలుకి ఇస్తోంది. చిన్నది కాబట్టి ముత్యాలరావు జట్టు దాన్ని ఎప్పుడూ ఆఖరికి నెట్టేది. పెద్ద చెరువులన్నీ అయ్యేసరికి మబ్బులు కమ్మేవి. ఎండా గాలీ లేని ఆ రోజుల్లో నీళ్ళలో ఊపిరందక చేపలు తేలిపోయేవి. కిందటేడు అదే అయింది, అంతకుముందేడూ అదే. ఈసారి కూడా చేప చస్తే ఆ చెరువుని పక్కనున్న పాండురంగారావుగారి పెద్ద చెరువులో కలిపేస్తామని సొసైటీ ప్రెసిడెంటు బాలస్వామి ముఖం మీదే చెప్పేశాడు.

"శుక్రవారం నాకు చెరువు పట్టాలమ్మా. శనివారం నుంచి ముసురంట, రేడియోలో చెప్పారు. అందరినీ పిలువు" అంది నాంచారమ్మ బల్ల మీద రెండు చేతులూ ఆనించి.

సలోమి పిలుపులు పంపింది. ఐసు ఫ్యాక్టరీ వస్తానంది. లారీ వస్తానంది. ముత్యాలరావు 'చూద్దాం' అన్నాడు.

"చూద్దామా? ఆ మాట చూసీ చూసీ నా కళ్ళు కాయలు కాశాయి" అంది నాంచారమ్మ. "ఇంకెవరైనా ఉన్నారా పిలవడానికి?"

సలోమి పేర్లన్నీ పైనుంచి కిందకి చూసింది. మొదటి పేరుకి ఎవరూ ఎప్పుడూ పిలుపు పంపలేదు. నొక్కింది. మౌసు మీంచి చెయ్యి తీసేలోపే జవాబు వచ్చింది. నీలం రంగులో 'వస్తాను' అని.

గురువారం సాయంత్రం పాండురంగారావుగారు కబురు పంపారు. ఐసు తనదే, లారీ తనదే, జట్టు వస్తే చాలు, శుక్రవారమే పట్టెయ్యాలి. ముత్యాలరావు ఫోను చేసి ఆ పని ఎక్కించమన్నాడు.

"నాంచారమ్మగారి చెరువు ఉందిగా మావయ్యగారూ, అదే రోజు?"

"నేను చూద్దామన్నానే గానీ వస్తానన్లేదుగా అమ్మా."

సలోమి పళ్ళు కొరుక్కుంటూ ఎక్కించింది. ఈసారి పిలుపు కొల్లేటికీ పంపింది. 'రాను' అని వచ్చింది. ఆ మాట చెబితే ముత్యాలరావు నవ్వాడు. "రాకపోతే ఏం? నీళ్ళు చెరువులోనే ఉంటాయి, ఎక్కడికి పోతాయి?"

శుక్రవారం ముసురు ఒకరోజు ముందే దిగింది. తెల్లవారేసరికి ఆకు కదలడం లేదు. నాంచారమ్మ చెరువులో బొచ్చె చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆమె చిన్న పడవలో చుట్టూ తిరుగుతూ, నీళ్ళకి కాస్త గాలి తగలాలని తెడ్డుతో బాదుతోంది. ఐసు లారీ గట్టు మీద ఆగి ఉంది. జట్టు మాత్రం గట్టుకి అవతల పాండురంగారావుగారి చెరువులో ఉంది. వాళ్ళ కేకలు వినపడుతున్నాయి కూడా.

ఇంతలో ఆ కేకలు ఆగిపోయాయి.

అక్కడ ముత్యాలరావు జట్టు వల వేసింది. వల మునగలేదు. పరుపు మీద దుప్పటిలా నీటి మీద పరుచుకుని ఊరుకుంది. అడుగున ఉండాల్సిన సీసపు గుండ్లు ఉసిరికాయల్లా పైనే దొర్లుతున్నాయి. కాళ్ళతో తొక్కారు, గడకర్రలతో పొడిచారు. వల తడవనైనా తడవలేదు.

"ఏవయ్యా ముత్యాలరావూ, వల వేశావా, ఆరబెట్టావా?" అన్నారు పాండురంగారావుగారు గొడుగు కింద నుంచి.

ముత్యాలరావు గట్టెక్కి, విప్పిపెట్టిన చొక్కాజేబులోంచి ఫోను తీసి చదివాడు. గొంతు సవరించుకున్నాడు. "కొల్లేరు రానందండీ. నాంచారమ్మగారి చెరువులో పని ఉందట."

"ఈ చెరువులో నీళ్ళు నావయ్యా! మోటారు పెట్టి తోడించుకున్నాను!"

"కొల్లేటి కాలవలోంచే కదండీ తోడించారు. నీళ్ళు మీవేనండీ, కాదన్లేదు. కానీ ఇవాళ అవి డ్యూటీలో లేవండీ."

జట్టులో ఎవరో కిసుక్కుమన్నారు. పాండురంగారావుగారు నీళ్ళకేసి చూశారు, వలకేసి చూశారు, గొడుగు మూసి కారెక్కారు. ముత్యాలరావు పొడిగా ఉన్న వలని భుజానికెత్తుకుని గట్టు దాటాడు. వెనకే జట్టంతా.

"వచ్చావా మరిదీ? దారి తెలిసిందా?" అంది నాంచారమ్మ తెడ్డు ఆపకుండానే.

"తిట్లు తర్వాత తిడుదువు గానీ పక్కకి రా వదినా. పడవ అడ్డం."

ఈసారి వల నీటిని తాకీ తాకగానే మునిగింది. రెండు దరులా పట్టుకుని లాగుతుంటే చెరువే ఒక దరికి ఒరిగినట్టయింది. వల దగ్గర పడేకొద్దీ నీళ్ళు ఉడుకుతున్నట్టు లేచాయి. శీలావతులు ఎగిరి మనుషుల గుండెలకి కొట్టుకున్నాయి, ఒక పెద్ద బొచ్చె ముత్యాలరావు తలపాగాని ఊడగొట్టి వెళ్ళింది. ఒక్కటీ చచ్చింది కాదు. ట్రేలు చాలక చాపలు పరిచారు, చాపలు చాలక లారీ తలుపు తీసి నేరుగా ఐసులోకే పోశారు.

"వదినా, ఏం పెట్టి పెంచావే వీటిని?" అని రొప్పుతూ అరిచాడు ముత్యాలరావు.

"తవుడూ, నూనె చెక్కా పెట్టానయ్యా. మిగతాదంతా నిన్ను తిట్టుకుంటూ పెంచాను. ఆ తిట్లే ఒంటబట్టాయి!"

జట్టంతా నీళ్ళలోనే నవ్వింది. ముసురులో తడుస్తూ గొడుగు లేకుండా గట్టు మీద నిలబడ్డ సలోమి రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. చర్చిలో పాటలు పాడే పిల్ల ఈల వేయడం ఊరు చూడ్డం అదే మొదలు. పాళ్ళు వేసేటప్పుడు కొల్లేటి పాలు నాంచారమ్మే స్వయంగా దోసిళ్ళతో ఎత్తి కాలవలో వదిలింది, ఎన్ని దోసిళ్ళో ఎవరూ లెక్కపెట్టలేదు.

సోమవారం బాలస్వామి నెట్ సెంటరుకి వచ్చాడు. చేప చావలేదు, నిజమే. అయినా వచ్చే ఏడాదికి చెరువు ఎవరికివ్వాలో సొసైటీ మీటింగులో తేల్చాలి, పాండురంగారావుగారు ఇంకా అడుగుతూనే ఉన్నారు, ఆ మీటింగుకి తేదీ పెట్టమన్నాడు. నాంచారమ్మ అప్పటికే అక్కడుంది, సలోమికని తెచ్చిన చేపల పులుసు గిన్నె బల్ల మీద పెడుతోంది. బాలస్వామి మాట విని గిన్నె మీది చెయ్యి అలాగే ఉంచేసింది.

క్యాలెండరు తెరిస్తే మూలన 'కొత్తది' అని ఎర్రగా ఉంది. ఒకసారి పెట్టిన పని ఏటా దానంతటదే మళ్ళీ వచ్చే ఏర్పాటట. ఎప్పటిదాకా రావాలో కూడా పెట్టుకోవచ్చట. సలోమి దాన్ని నొక్కి చూడబోయింది. కొల్లేరు ముందే నొక్కేసినట్టుంది. వచ్చే జూన్ గడిలో నీలం రంగులో ఉంది: 'నాంచారమ్మ చెరువు. చేపపిల్ల వదలడం.' సలోమి తర్వాతి ఏడు తిప్పింది. ఉంది. ఆ తర్వాతిది తిప్పింది. ఉంది. ఆగకుండా తిప్పుకుంటూ పోయింది, ప్రతి ఏడూ నీలం గడి. వివరాలు తెరిస్తే కింద ఉంది: 'ముగింపు: లేదు.'

"అది తీసెయ్యమ్మా, మీటింగు కాకుండా అలా ఎలా పెడతారు?" అన్నాడు బాలస్వామి.

"పెట్టినవాళ్ళే తీయాలండీ. మనకి చూడ్డం వరకే."

బాలస్వామి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఉన్నది అలాగే ఉంది. సభ్యుల్లో మొదటి పేరు ఎవరిదో ఆయనకీ తెలుసు. "సర్లెండి," అన్నాడు. "మీటింగులో ఇదే చదివేద్దాం. పాండురంగారావుగారికి నేను చెప్పుకుంటాను."

ఆయన వెళ్ళాక సలోమి కుర్చీలోంచి లేచి నాంచారమ్మని కూర్చోబెట్టింది. గడి పక్కన నాంచారమ్మ పేరు ఉంది, పేరు పక్కన ప్రశ్న ఉంది: వస్తారా?

"రాక ఎక్కడికి పోతానే తల్లీ" అంది నాంచారమ్మ, సలోమితో కాదు. చీర కొంగుకి చెయ్యి తుడుచుకుని, మౌసు మీద వేలు పెట్టి, 'వస్తాను' నొక్కింది.