ఇప్పనూనె పూసిన సైకిలు

ఈ పందెంలో మొదటి ఐదుగురిలో ఒకతెగా వస్తేనే ఆయతికి ఇంకో రెండేళ్లు టీములో చోటు. పుణె నుంచి వచ్చిన మేనేజరు ఆ మాట మొహమాటం లేకుండా చెప్పేశాడు. కొండదారుల్లో సైకిలు పందేలాడి బతికే మనిషికి ముప్పై మూడేళ్లంటే తక్కువ కాదు. భుజం ఎముక రెండుసార్లు విరిగింది. వెనక వచ్చే పిల్లలు పాదరసంలా ఉన్నారు. అతనన్నదాంట్లో తప్పు లేదని గవర్రాజుకీ తెలుసు.

గవర్రాజుది బొబ్బిలి వైపు. ఇనుప గనిలో పనికొచ్చిన అన్న వెంట బస్తర్‌లోని కిరందుల్ వచ్చి, పానా పట్టుకుని, సైకిలు షాపు పెట్టుకుని ఉండిపోయాడు. చిన్నప్పుడు ఆయతి బ్రేకుల్లేని సైకిలు మీద ఇప్పపలుకుల మూట కట్టుకుని, చెప్పుకాలు టైరుకి అదిమిపెట్టి, కొండ మీంచి సంతకి దిగేది. దానికి మొదట బ్రేకులు బిగించింది అతనే. ఆ తర్వాత ఆ పిల్ల గని కంపెనీ ఆటల పోటీలు దాటింది, పుణె టీములో చేరింది, నేపాల్‌లో, థాయిలాండ్‌లో పందేలాడింది. ఎక్కడున్నా పందేనికి ముందురోజు ఫోను చేసేది. "కాకా, ఇక్కడ రాళ్లెక్కువ. టైర్లో గాలెంత ఉంచమంటావ్?" టీము మెకానిక్కు అప్పటికే గాలి పెట్టేసి ఉండేవాడు. అయినా అడిగేది.

ఈసారి పందెం సొంతూళ్లోనే. "ఇక్కడ సైకిలు మా కాకా చూస్తాడు," అని మేనేజరుతో తెగేసి చెప్పింది.

ముందురోజు అకాల వర్షం పడింది. ఎర్రమట్టి పిసికిన పిండిలా అయింది. వానాకాలంలో గని టౌన్‌షిప్ వాళ్ల సైకిళ్ల అడుగున గవర్రాజు ఇప్పనూనె పూసేవాడు. బురద అంటకుండా జారిపోయేది. ఈ కిటుకు ఆయతి తల్లి ముయె దగ్గర నేర్చుకున్నదే. సాయంత్రం ఆమె దగ్గరే నూనె అడిగి తెచ్చి, వెచ్చచేసి, బ్రేకులకి తగలకుండా, చక్రాల సందుల్లో పసిబిడ్డకి రాసినట్టు రాశాడు.

డిసెంబరు ఉదయం. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తోంది. మొదటి రౌండులో ఆయతి మూడోది. రెండో రౌండులో సైకిలుని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏటయిందే అమ్మీ?"

"చక్రం తిరగట్లేదు కాకా!"

దారి పక్కన తాడు కట్టిన కాస్త మేరలో మాత్రమే బాగుచేసేవాళ్లు సైకిలు మీద చెయ్యి వెయ్యొచ్చు. గవర్రాజు సందులో వేలు పెట్టి చూశాడు. బురద కింద తెల్లగా, పేరిన నెయ్యిలా గట్టిపడి ఉంది నూనె. దాన్ని పట్టుకుని మట్టి ముద్దలు కట్టింది.

తాడు అవతల నుంచి ముయె సంతలో నేర్చిన తెలుగులో మొత్తుకుంది. "అయ్యో దాదా! చలికి గడ్డ కడతది గదా! మా ఇంట్ల సీసా పొయ్యి పక్కనే పెడతం."

పొయ్యి అన్న మాట చెవిన పడగానే గవర్రాజు తాడు దూకి, టీ కొట్టు నడిపే కోస అనే కుర్రాడి చేతిలోంచి కెటిల్ లాక్కున్నాడు.

"అరే! అది పంచదారేసిన చాయ్!"

"తీపైతే నాకేటిరా, ఏడిగా ఉంటే సాలు!"

చాయ్ ధార పడ్డ చోటల్లా మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడింది. ఆయతికి అంత కంగారులోనూ నవ్వొచ్చింది. "కొంచెం నా నోట్లో కూడా పొయ్యి కాకా." సైకిలెక్కేసరికి ఆమె పన్నెండో స్థానానికి పడిపోయింది.

తర్వాతి రౌండుకి తొమ్మిదో స్థానంలో కనబడింది. ముయె కూతురి పందెం ఎప్పుడూ చూడలేదు. కింద పడినందుకు జీతమిచ్చే కొలువని నలుగురికీ చెప్పేది. ఇప్పుడు గోండిలో ఎంత గట్టిగా అరిచిందంటే పక్కవాళ్లు చెవులు మూసుకుని జరిగారు. ఆయతి ఆఖరి దిగుడులో ఇద్దరిని దాటింది, గీత ముందు ఇంకొకరిని. ఆరోదై వచ్చింది. ఐదో పిల్లకీ ఆమెకీ మధ్య సైకిలు పొడవంత దూరం.

మేనేజరు వచ్చాడు. "సైకిలుకేమైంది?"

"బురద సార్," అంది ఆయతి.

"బురద కాదు బాబూ," అన్నాడు గవర్రాజు. "నూనె పూసింది నేను."

మేనేజరు వేలితో తీసి వాసన చూశాడు. కోప్పడలేదు. "ఐదుగురిలో ఉంటేనేనని పైవాళ్లకి మాటిచ్చాను ఆయతీ."

"తెలుసు సార్."

"టీము సైకిలు రేపు పుణె వ్యాన్ ఎక్కించాలి." టోపీ తీసి, ఆమెకి రెండు చేతులా నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

గవర్రాజు అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "నన్ను తిట్టవేటే?"

"తిడతా. ముందు నీళ్లు కాగబెట్టు. పంచదార చాయ్ పోశావ్, చీమలు పడతాయి. ఇలాగే పంపితే బస్తర్ వాళ్లకి సైకిలు తోమడం రాదనుకుంటారు."

మంచి నూనె మట్టిపాలైందని సణుగుతూనే ముయె వేణ్నీళ్ల బకెట్టు తెచ్చింది. ఆయతి ముందు చక్రం ఊడదీసింది, గవర్రాజు వెనకది. ఎదురెదురుగా కూర్చుని ఒక్కో ఊచనీ గుడ్డతో తుడవసాగారు. జనం వెళ్లిపోయారు, తాళ్లు విప్పేశారు. ఇద్దరిలో ఎవరూ తొందరపడలేదు.