పదకొండు నిమిషాల పాట

తిరుపతిలో ఆ కాలేజీ వేడుకకు అమల బ్యాండుకు దొరికింది అక్షరాలా ఇరవై నిమిషాలు. నాలుగు పాటలు వాయించి దిగిపోవాలి, వెనకాలే డీజే ఎక్కుతాడు. ఆ మాట విని ఆమె నాయన ఇమ్మానుయేల్ ముక్కున వేలేసుకున్నాడు.

"మేము చిత్తూరులో రాక్ షోకి ఎక్కితే మూడు గంటలు దిగేవాళ్లం కాదు పాపా. ఇరవై నిమిషాలంటే మాకు గిటారు శ్రుతి సేసుకునేదానికే సరిపోయేది!"

ఆయన గొప్పలు సగం నమ్మొచ్చు. అమల బాధ మాత్రం వేరు. రెండేళ్లు కూర్చుని ఆమె కట్టిన పాట పదకొండు నిమిషాలు. పల్లవి తర్వాత నడుమంతా ఆమె వాయించే డ్రమ్ములే, పాటకు ప్రాణమంతా అక్కడే. ఎక్కిన ప్రతి వేదిక మీదా దాన్నే కోసేయమన్నారు. ఇంతవరకూ ఒక్క మనిషీ ఆ పాటను పూర్తిగా వినలేదు. ఈసారి నిర్వాహకుడు ప్రతాప్ కూడా "ఫోన్లో వీడియో తీసుకునేంత ఉంటే సాలమ్మా" అని నాలుగు నిమిషాలకు కుదించాడు. సరేనంది గానీ, ఆ రోజంతా ఆమెకు అన్నం సహించలేదు.

సాయంత్రానికి మైదానం కిటకిటలాడింది. మూడు పాటలయ్యాయి. నాలుగోది ఆమె పాట. కుదించిన ముక్క ముగింపుకొచ్చేసరికి ప్రతాప్ వేదిక పక్కకొచ్చి, ఇక ఆపమని చెయ్యెత్తాడు.

పాడుతున్న ఏబెల్ కంట ఆ చెయ్యి పడింది. ఏబెల్ చంద్రగిరి చర్చిలో పన్నెండేళ్లుగా పాడుతున్నవాడు. అక్కడ పాస్టరు చెయ్యెత్తాడంటే పల్లవి మళ్లీ అందుకోమని. ఇంకేముంది, అందుకున్నాడు.

అది పొరపాటని అమలకు తెలుసు. ఒక్క దెబ్బతో ముగించేయొచ్చు. ఈ అవకాశం మళ్లీ రాదనుకుని, తెగించి నడుమ భాగంలోకి దూకింది. ప్రతాప్ రెండు చేతులూ ఎత్తాడు. ఏబెల్ కళ్లు మూసుకుని మరింత భక్తిగా పల్లవి పాడాడు! ముందు వరుసలోని పిల్లలు ఇదీ పాటలో భాగమే కాబోలనుకుని చేతులెత్తారు. చూస్తుండగానే మైదానమంతా చేతులే.

ప్రతాప్‌కు ఒళ్లు మండి మైకులన్నీ ఆపించేశాడు. గిటారు మూగబోయింది. ఏబెల్ పాట పెదాల దగ్గరే ఆగిపోయింది. డ్రమ్ములకు కరెంటుతో పనేముంది? అమల కొడుతూనే ఉంది. జబ్బలు లాగేస్తున్నాయి, చెమట కళ్లలోకి కారుతోంది, అయినా ఆనందం పట్టలేకుండా ఉంది. పల్లవి రావాల్సిన చోటికి రాగానే రెండు వేల గొంతులు దాన్ని అందుకున్నాయి. పాట పూర్తయింది. పదకొండు నిమిషాలూ, ఏబెల్ పుణ్యమా అని పైన ఇంకో మూడూ.

ప్రతాప్ రొప్పుతూ వేదికెక్కాడు. "సెయ్యెత్తితే ఆపాలని తెలీదా అబ్బా?"

"ఆడ సూడన్నా" అన్నాడు ఏబెల్.

మైదానంలో ఒక్క చెయ్యీ కిందికి దిగలేదు. "మళ్లా! మళ్లా!" అని ఒకటే కేకలు. ప్రతాప్ ఆ జనాన్ని చూశాడు, చేతి గడియారం చూసుకున్నాడు, చివరికి అమల వైపు తిరిగాడు.

"మైకులు మళ్లా ఏయిస్తా. కొట్టమ్మా."

"కొయ్యకుండానా అన్నా?"

"కొయ్యకుండానే తల్లీ, నీకో దండం!"