వస్తున్నా అత్తయ్యా

"పాలు పొంగుతున్నాయేమో కాస్త చూడమ్మా," అని అత్తగారు కేకేసింది. కేకేసిన ఆవిడ పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఉంది. కోడలు రెండు గదుల అవతల ఒక ఆస్పత్రి యాప్‌ను తెలుగులోకి అనువదిస్తోంది. ఆమె పనేమిటని ఎవరడిగినా, "ఇంట్లో కూర్చుని టైపు కొడుతుంది," అంటాడు భర్త. "కూర్చుని" అన్న ముక్కను కొంచెం ఒత్తి పలుకుతాడు.

కంపెనీ పోయిన వారమే కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. ఎడమ పక్కన ఇంగ్లీషు వాక్యం, కుడి పక్కన ఖాళీ గడి. ఒక వాక్యానికి ఒకసారి తెలుగు రాస్తే చాలు, అదే వాక్యం మళ్ళీ ఎక్కడ ఎదురైనా మనల్ని అడగకుండా పాత జవాబే తెచ్చి నింపేస్తుంది. నోటితో ఒకటి అంటూ చేత్తో ఇంకోటి చేయడంలో ఆమెకు పదకొండేళ్ళ అనుభవం ఉంది. ఆ రోజు మాత్రం లెక్క తప్పింది. "దయచేసి వేచి ఉండండి" అని రాయాల్సిన గడిలో "వస్తున్నా అత్తయ్యా" అని కొట్టేసి వంటింట్లోకి పరుగెత్తింది. పాలు ఎలాగూ పొంగిపోయాయి.

మధ్యాహ్నం కంపెనీలో యాప్ టెస్టింగ్ చూసే ఆవిడ ఫోన్ చేసింది. నవ్వాపుకోలేక అవస్థ పడుతోంది. "ఏమండీ, స్కానింగ్ రిపోర్టు నొక్కితే 'వస్తున్నా అత్తయ్యా' అంటోంది. అంబులెన్సు నొక్కినా అదే. అరవై మూడు చోట్ల ఉంది. ఐదింటికల్లా సరిచేసి పంపకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తారట."

"అరవై మూడూ దిద్దాలా?"

"అక్కర్లేదు. మొట్టమొదట ఎక్కడ రాశారో అక్కడ దిద్దండి. అన్నిచోట్లా మార్చాలా అని అదే అడుగుతుంది."

ఆ మొదటిది వెతుకుతుంటే ఆమెకు తన మొదటిది గుర్తొచ్చింది. పెళ్ళయిన నాలుగో రోజు. సింకు నిండా గిన్నెలు, అత్తగారికి నడుం నొప్పి. "పర్లేదు, నేను చేస్తాను," అంది మర్యాదకి. అంతే, ఆ తర్వాత ఆమెను అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. బట్టలు, ఆడపడుచు పిల్లల హోంవర్కు, మామగారి కళ్ళజోడు వెతకడం, అన్ని గడుల్లోనూ ఆ ఇల్లు ఆ పాత జవాబే నింపేసుకుంది. ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది.

నాలుగున్నరకి, ఆమె ఆ గడిని పట్టుకుని దిద్దుతుండగా, భర్త గుమ్మంలోకి వచ్చాడు. "ఆరింటికి మా ఆఫీసు వాళ్ళు నలుగురు వస్తున్నారు. ఏదో ఒకటి చేసిపెట్టు. నీకేం, ఇంట్లోనే ఉన్నావుగా." జవాబు కోసం ఆగకుండానే వెనుదిరిగాడు. జవాబు అతనికి తెలుసు మరి.

"నాకు కుదరదు. మీరు చేయండి," అంది.

అతను తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసుకున్నాడు.

"ఏమంటోందిరా?" హాల్లోంచి అత్తగారు.

"కుదరదంటోందమ్మా. నన్ను చేయమంటోంది."

అత్తగారు గొంతు పెంచింది. "ఏమ్మా, ఇకమీదట ఇంతేనా?"

తెర మీద సాఫ్ట్‌వేర్ కూడా అడుగుతోంది, అన్నిచోట్లా మార్చాలా అని. ఈసారి నోరూ వేళ్ళూ ఒకే మాట మీద ఉన్నాయి.

"అవునత్తయ్యా," అంటూ నొక్కింది.