ఎవరూ అడుగుపెట్టని దిబ్బ

మామిడికుదురు అమ్మాయి రేవతి 2008లో సముద్రపు ఇసుకలో ప్లాస్టిక్ మీద పరిశోధన చేస్తుండేది. అంతర్వేది తీరం నుంచి తెచ్చిన ఇసుకను చిక్కటి ఉప్పునీటిలో కలిపితే ఇసుక అడుక్కి దిగేది, ప్లాస్టిక్ పైకి తేలేది. దాన్ని వడగట్టి మైక్రోస్కోపు కింద పెడితే నీలం పోగులు, నూక కన్నా చిన్న ముక్కలు కనిపించేవి. పోల్చి చూడడానికి ఒక్కచోటిదైనా ప్లాస్టిక్ లేని శుభ్రమైన ఇసుక కావాలన్నారు ఆమె ప్రొఫెసరు గారు.

పడవ నడిపే పోతురాజును అడిగింది.

"జనం తిరగని చోటు ఎక్కడైనా ఉందాండీ?"

"ఆయ్, ఉందండి. మొన్న వరదకి గోదారి సముద్రంలో కలిసే కాడ కొత్త దిబ్బ లేచింది. ఇంకా ఎవరూ అడుగెట్టలేదండి."

పోతురాజు తీసుకెళ్ళిన ఆ దిబ్బ మీద పిట్టల కాలిగుర్తులు తప్ప ఏమీ లేవు. తొక్కడానికే మనసొప్పక రేవతి కాసేపు పడవలోనే నిలబడిపోయింది.

కాలేజీకి తెచ్చి ఉప్పునీటిలో కలిపితే ఆ ఇసుకలోనూ పోగులు తేలాయి. తన నైలాన్ చున్నీవేమోనని అనుమానపడి మర్నాడు నూలు చీర కట్టుకొచ్చింది. గాజుసామాను మళ్ళీ కడిగింది. మళ్ళీ తేలాయి.

ఆ పైన చేపలు చూసింది. పోతురాజు వలలో పడ్డ మెత్తళ్ళ పొట్టల్లోనూ అవే పోగులు. మనసులో పెట్టుకోలేక వాళ్ళింటికి వెళ్ళింది. అతని భార్య అచ్చమ్మ అరుగు మీద మెత్తళ్ళు ఏరుతోంది.

"వీటికి పేగులు తీస్తారాండీ?"

"వేలెడంత లేవు, ఏం తీత్తామమ్మా? అలాగే వండేత్తాం."

రేవతి చూసింది చూసినట్టు చెప్పింది. అచ్చమ్మ చెయ్యి ఆగిపోయింది. లోపల, నెలలు నిండిన కోడలు మెత్తళ్ళ కూరతో అన్నం తింటోంది.

"తింటే ఏమవుద్దండి?"

"తెలీదండీ. ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు."

"మానేత్తే ఏం తినాలండి?"

రేవతి ఏరిన మెత్తళ్ళ వైపు చూసింది.

"మరి నాకెందుకు చెప్పేరండి?" అంది అచ్చమ్మ. గొంతులో కోపం లేదు. అందుకే రేవతి తలెత్తలేకపోయింది.

"అత్తా, ఇంకొంచెం కూర ఉందా?" లోపల్నుంచి కోడలు అడిగింది.

అచ్చమ్మ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. కూర దాకలో గరిటె తగిలిన చప్పుడు అరుగు మీదకి వినిపించింది.