గోడ మాది, సున్నం మీది

తాపీ మేస్త్రి గోడ కడితే దాని మీద వాలిన ఈగ జారిపడి నడుం విరగ్గొట్టుకునేదని చెప్పుకునేవారు. ఆ ఈగను కళ్ళారా చూశామని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఇద్దరున్నారు. అందులో ఒకరు మేస్త్రే. అంతటివాడు కిందటేడు ఓ కప్పు మీంచి తనే జారి మోకాళ్ళు రెండూ పాడుచేసుకున్నాడు. ఇక పని లేదు. దాచుకున్నదంతా పెట్టి ఒక ఇల్లు కొని, ఆ అద్దెతో ముసలితనం వెళ్ళదీయాలి. రెండోసారి కొనే శక్తి లేదు కాబట్టి, తప్పు కొంటే ఆ తప్పులోనే బతకాలి.

బేరానికి రెండిళ్ళు వచ్చాయి. ఒకటి చుట్టూ ఖాళీ జాగా ఉన్న పాత విడి ఇల్లు. గోడలు గట్టివే గాని కప్పు నాలుగు చోట్ల కారుతుంది. రెండోది, గోడకు గోడ ఆనించి పన్నెండిళ్ళు వరసగా కట్టిన చోట ఏడోది. అక్కడ నెలనెలా ఇంతని కడితే కప్పూ బయటి గోడలూ అసోసియేషనే చూసుకుంటుంది. మేస్త్రి భార్య ఏడో ఇంటికే మొగ్గింది. విడి ఇంటి కప్పు కారిన రోజున మొగుడు నిచ్చెన వెతుక్కుంటాడని ఆవిడ భయం. ఆ భయానికి ఆవిడ తమ్ముడు నీళ్ళు పోసి పెంచాడు. కాలు మీద కాలేసుకుని అద్దె తినొచ్చు బావా అని మేస్త్రికి పూటపూటా మందులా పట్టించాడు.

సరే, చూద్దామని ముగ్గురూ ఏడో ఇంటికి వెళ్ళారు. అసోసియేషన్ సెక్రటరీ వచ్చి తాళం తీశాడు. ఆయన చొక్కా ఇస్త్రీ మడత తగిలితే వేలు తెగేలా ఉంది. మేస్త్రి అలవాటు కొద్దీ పడగ్గది గోడను వేళ్ళ కణుపులతో కొట్టి చెవి ఆనించాడు. "ఎవరూ? తలుపు తీసే ఉంది, రండి" అంది అవతల పక్కింటావిడ. బావమరిది నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు.

ఆ గోడకు పైనుంచి కిందిదాకా బీట ఉంది. ఎవరో పైపైన పూత పూసి, రంగేసి దాచారు. మేస్త్రి గోరుతో గీకితే అరచేతిలోకి పొడి రాలింది. సెక్రటరీ కంగారుగా అడ్డం వచ్చి, గోడను ముట్టుకోకూడదన్నాడు.

"కొన్నాక?"

"కొన్నాక కూడానండీ. గోడ అసోసియేషన్‌ది. లోపలి రంగు వరకే మీది."

మేస్త్రి అరచేతిలోకి చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే ముప్ఫై అయిదేళ్ళ కష్టం పోసి నేను కొంటున్నది ఈ సున్నమా?"

బీట సంగతి అర్జీ పెడితే మీటింగులో చర్చిస్తామన్నాడు సెక్రటరీ. ఆ మాట వినపడి పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది. తన అర్జీకి రెండు వానాకాలాలు నిండాయనీ, వంటింట్లో బకెట్లు పెట్టుకుని మరీ నెలనెలా కడుతున్నాననీ, ఈ ఇంట్లో అద్దెకున్నవాళ్ళు తడిసీ తడిసీ ఖాళీ చేశారనీ చెప్పింది. సెక్రటరీ ఆవిడను విననట్టే మేస్త్రి భార్య వైపు తిరిగాడు.

"పెద్దవాళ్ళు, మీకెందుకమ్మా ఈ గోలంతా? సంతకం పెట్టేసి విశ్రాంతి తీసుకోండి."

అంతవరకూ ఆ ఇంటి పక్షాన ఉన్న మనిషి కొంగు దోపుకుంది.

"ఆయనకు పాడైంది మోకాళ్ళండీ. బుర్ర కాదు."

అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. తమ్ముడు ఏదో సర్దిచెప్పబోతే, నీ కమీషను సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడదాం రా అంది. కమీషను మాట బావగారు వినడం అదే మొదలు.

ఇక విడి ఇల్లే ఖాయమని మేస్త్రి మీసం దువ్వాడు. భార్య మాత్రం సంతకానికి ముందు ఓ మాట అడిగింది. జన్మలో మళ్ళీ నిచ్చెన ఎక్కనని చెప్పాలి, కప్పు పని వేరే మేస్త్రి చేయాలి. మేస్త్రి భగ్గుమన్నాడు. మూడు రోజులు అన్నం మీద కూడా కోపం చూపించాడు. గోడ కట్టడం ఊరందరికీ నేర్పినవాడు కూలి ఇచ్చి ఇంకొకడి చేత అతుకులు వేయించుకోవాలా? ఆ సెక్రటరీకీ నీకూ తేడా ఏమిటే, నా గోడ నేను ముట్టుకోకూడదా అని నిలదీశాడు.

"ముట్టుకోండి" అంది ఆవిడ. "నేల మీద నిలబడి ఎంత అందితే అంత ముట్టుకోండి. పైది నాకొదిలెయ్యండి. పోయినసారి కప్పు మీంచి పడ్డప్పుడు మీకు నొప్పే తెలిసింది. ఆసుపత్రి వరండాలో కూర్చున్నది నేను."

మేస్త్రి గుమ్మం వైపు తిరిగి, ఎక్కనులేవే అన్నాడు. వినపడలేదంది. రెండోసారి గట్టిగా, తిట్టినట్టు అన్నాడు. అప్పుడు ఆవిడ కలం తెచ్చి చేతిలో పెట్టింది.