బోర్లించిన డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. బిస్కెట్లు మోయడానికి పుట్టాను. అవి అయిపోయాక చీరాల దీనమ్మ నన్ను పారేయలేదు. కడిగి, వంటింట్లో కేకు సామాన్ల అలమరలో చోటిచ్చింది.

దీనమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా ఏ డబ్బాలో ఏముందో ఆమె చేతికి తెలుసు. పై అరలో కేకు గిన్నెలు, జల్లెడ. కింది అరలో మైదా, వంట సోడా, పంచదార పొడి. నా కడుపులో మాత్రం బొద్దింకల మందు పోసి, మూత బిగించి, నన్ను బోర్లించి మూలన పెట్టేది. చూడ్డానికి అచ్చం పంచదార పొడే.

దీనమ్మ పోయిన ఏడాదికి కోడలు సువార్త, పాప పుట్టినరోజుకు కేకు చేయాలని అలమర సర్దింది. డిగ్రీ చదివిన పిల్ల. నా మూత తీసి చూసి, ‘పంచదార పొడి’ అని కాగితం అంటించి, తిన్నగా నిలబెట్టింది. మనుషులు తాము రాసిందాన్ని ఎంత త్వరగా నమ్ముతారో!

మర్నాడు ఉదయానికి నేను బోర్లా ఉన్నాను. తిప్పిందెవరో నాకు కనబడలేదు. చల్లని తడి అరచెయ్యి తగలడం మాత్రం తెలిసింది. సువార్త నన్ను మళ్లీ నిలబెట్టింది. రెండోరోజూ అంతే. మూడోరోజు నా మీద కేకు గిన్నె బరువు పెట్టింది. తెల్లారేసరికి గిన్నె పై అరలో ఉంది, నేను బోర్లా ఉన్నాను.

“ఏవండీ, ఈ డబ్బాతో మీకేం ఆటలు?” అని మొగుడి మీద అరిచింది.

“నాకు టీ పెట్టుకోడమే రాదు. డబ్బాలు తిప్పుతానంటే?”

పుట్టినరోజు పొద్దున సువార్త గుడ్లు గిలక్కొట్టి, నాలోంచి చెంచా నిండా తీసింది. పాప గిన్నెలో వేలు పెట్టాలని ఎదురుచూస్తోంది. అప్పుడే ఆడపడుచు రాహేలు వచ్చింది.

“ఏమే, మా అమ్మ డబ్బాలకి బాప్తిస్మం ఇచ్చి పేర్లు పెట్టావా?” అని నవ్వింది. నన్ను చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది. “దాన్ని నిలబెట్టిందెవరే?”

“నేనే వదినా. రోజూ ఎవరో బోర్లిస్తున్నారు.”

“నోట్లోకి పోకూడనిదాన్నే అమ్మ బోర్లించేది! అది బొద్దింకల మందే, పిల్లా!”

చెంచా నేలన పడింది. సువార్త పాపను గుండెకు హత్తుకుంది.

మందును గొయ్యి తీసి పాతేశారు. నన్ను పెరట్లో చెత్తకుప్ప మీద వేశారు. ఇక్కడికి వంటింటి కిటికీ దగ్గరే. సువార్త ఇప్పుడు ఏ డబ్బా ముట్టుకోబోయినా ముందు ఆగి, “అత్తయ్యా, తీసుకోనా?” అని అడుగుతుంది. డబ్బా కదులుతుందేమోనని కాసేపు చూస్తుంది.

ఒక్కోసారి తీసుకోకుండానే వెనక్కి వచ్చేస్తుంది.