దాన్ని వదిలేశాను

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆ తల్లి మాత్రం కీడు ఎంచడంలోనే అలిసిపోయి మేలు దాకా ఎప్పుడూ వెళ్లలేదు. కొడుకు తుమ్మితే జ్వరం, ఫోనెత్తకపోతే ప్రమాదం. పైన కాపురం, కింద కొడుకు టైలరింగు షాపు. కుట్టు మిషను చప్పుడు ఆగితే ఆవిడ గుండె కూడా ఓ క్షణం ఆగేది.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషను ఆగింది. చెల్లెలి పురుడని కోడలు మనవరాలిని తీసుకుని పుట్టింటికి వెళ్లి ఉంది. కొడుకు మరిచిపోయిన నీళ్ల సీసా ఇద్దామని ఆవిడ మెట్లు దిగుతుంటే వాడి గొంతు వినిపించింది. ఫోన్లో గుండీల బావ. గుండీలు అమ్ముతూ, కనపడినవాణ్ణల్లా "బావా" అనే మనిషి కాబట్టి అందరికీ ఆయన బావే.

"దాన్ని వదిలేశాను బావా. ఈసారి ఖాయం. ఇన్నేళ్లు దానితో వేగింది చాలు... తిన్నాక మరీ గుర్తొస్తుంది, నిజమే. అయినా మళ్లీ ఇంట్లో అడుగు పెట్టనిస్తే ఒట్టు... అమ్మకింకా చెప్పలేదు. కంగారు మనిషి కదా."

ఆవిడ మెట్టు మీదే ఆగింది. బంగారం లాంటి కోడలు! పురుడు వంకా? అయితే అక్కడ పురుడూ లేదు, పుణ్యమూ లేదు. పిల్లని గెంటేశాడు. రేపు కోర్టులు, ఎల్లుండి మనవరాలు ఎవరి దగ్గరో! ఆలోచన అంతవరకూ వెళ్లేసరికి విసవిసా షాపులోకి వెళ్లింది.

కొడుకు కత్తిరింపు బల్ల దగ్గర, పెదాల మధ్య వరసగా గుండుసూదులు పెట్టుకుని, గుడ్డ మీద సుద్దగీత గీస్తున్నాడు.

"దాన్ని ఎందుకు వదిలేశావురా?"

"ఊఁ?"

"ఊఁ కాదు, నోరు తెరిచి చెప్పు!"

వాడు సూదులు ఒక్కొక్కటే తీసి మెత్తలో గుచ్చాడు. "నీకెలా తెలిసిందమ్మా?"

"తెలిసిందిలే. అది నీకేం తక్కువ చేసింది?"

"తక్కువా? ఒళ్లు గుల్ల చేసింది. దగ్గి దగ్గి చచ్చాను."

"దానివల్ల నీకు దగ్గొచ్చిందా? నాలుక కోస్తా! మహాలక్ష్మి లాంటి పిల్లని పట్టుకుని..."

"పిల్లేంటమ్మా? సిగరెట్టు!"

ఆవిడ చేతిలోని సీసా బల్ల మీద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత నవ్వొచ్చింది, నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది.

"ఓరి నీ అసాధ్యం కూలా! సిగరెట్టని అనొచ్చు కదరా! దాన్ని, దాన్ని అంటే నేనేమనుకోను?"

"అయితే నీకు ముందే తెలుసా, నేను తాగుతానని?"

"నీ చొక్కాలు ఉతికేది ఎవర్రా?"

వాడు తల గోక్కున్నాడు. ఆవిడకప్పుడే ఇంకో భయం పుట్టింది. "మందూ మాత్రా లేకుండా మానతావా? ఏమైనా అయితే?"

"సిగరెట్టు మాన్పిస్తామంటే చెవికి సూదులు పొడిపించుకున్నా. వారం తిరక్కుండా మళ్లీ మొదలు. ఒకాయన కళ్లు మూసుకోమని ఏవో మంత్రాల్లాంటి మాటలు చెప్పాడు. హాయిగా నిద్ర పట్టింది, అంతే. ఇప్పుడు మనసు అటు లాగినప్పుడల్లా బావకి ఫోన్ చేస్తున్నా, ఆయనా ఒకప్పుడు పొగగొట్టమే. నీళ్లు గుక్క గుక్కగా తాగుతా, ఊపిరి నిదానంగా వదులుతా. చేతిలో సుద్ద, నోట్లో సూదులు. ఇవి ఉంటే అది దూరదు. కాసేపు తట్టుకుంటే దాని ఊపు అదే తగ్గుతుంది. వీటిలో ఏది పనిచేస్తోందో నాకూ తెలీదు. అన్నీ కలిపి పట్టుకున్నా."

మాట్లాడుతూనే వాడి వేళ్లు జేబు తడిమాయి. ఖాళీ జేబు. ఆవిడ గమనించి సీసా మూత తీసి అందించింది. వాడు కొంచెం కొంచెంగా తాగాడు, కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. మళ్లీ వదిలాడు. వేళ్లు కుదుటపడ్డాయి. కత్తెర గుడ్డ మీద కరకరా నడిచింది.

"పోయిందా?"

"పోయింది."

"సరే. సూదులు మాత్రం వద్దు. మింగావంటే నా ప్రాణం పోతుంది." ఆవిడ పైకెళ్లి లవంగాల డబ్బా తెచ్చి సుద్ద పక్కన పెట్టింది. "ఇవి నములు."

సాయంత్రం కోడలు ఫోన్ చేసింది. "ఏం చేస్తున్నారత్తయ్యా?"

"నీ మొగుడు దాన్ని వదిలేశాడే!"

"అయ్యో, మీకూ చెప్పేశారా? నాతో ఒట్టు వేయించుకున్నారు, మీకు చెప్పొద్దని!"

కోడలి చెల్లెలి పురుడు నిజమే, ఫోన్లో వినపడిన మనవరాలి అల్లరీ నిజమే. ఆవిడ ఫోన్ పెట్టేసి చాలాసేపు ఊరికే కూర్చుంది. ఆ సుఖం ఆవిడకు కొత్త.

మర్నాడు బట్టలు తడపబోతూ కొడుకు చొక్కా ముక్కుకు ఆనించుకుంది. సుద్ద, చెమట, మిషను నూనె వాసన. ఇంకేం లేదు. తృప్తిగా బకెట్లో వేసి, సబ్బు అందుకుంటూ అనుకుంది: రోజంతా ఆ మిషను నూనె పీల్చడం ఒంటికి మంచిదేనా?